ఆషాఢం పట్టిన టెర్మినల్

నేను రాళ్ళపూడి విమానాశ్రయం ప్రాజెక్టులో సైటు ఇంజనీరును. సైటులో ఏ పనీ జరగకుండా చూడటం నా ఉద్యోగం.

ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు. మా అత్తగారు నవ్వలేదు. "నీడ పట్టునే కదమ్మా ఉండేది?" అని ఒక్క ప్రశ్న వేసి, నీడ ఉందని తెలిశాక తృప్తిపడ్డారు.

సంగతేమిటంటే, మా టెర్మినల్ భవనాన్ని సైటులో కట్టరు. మునగపాలెం దగ్గరున్న ఫ్యాక్టరీలో గది గదిగా తయారుచేస్తారు. గోడలు, కిటికీలు, కరెంటు తీగలు, చేతులు కడుక్కునే చోట అద్దాలతో సహా అన్నీ అక్కడే. అలా తయారైన గదిని మాడ్యూల్ అంటారు. మాడ్యూళ్ళను ట్రైలర్ లారీల మీద రాళ్ళపూడికి తెచ్చి, పునాదుల మీద పక్కపక్కన దించి, బోల్టులు బిగిస్తే టెర్మినల్ అయిపోతుంది. పిల్లలు అగ్గిపెట్టెలతో రైలు చేసినంత సులువు. చాలా దేశాల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తోందట. ఆ దేశాల్లో మా డైరెక్టరుగారు లేరు.

డైరెక్టరు విశ్వేశ్వరప్రసాద్ గారు ఈ పద్ధతిని కళ్ళారా చూసి రావడానికి విదేశం వెళ్ళారు. వెళ్ళిన వారమంతా అక్కడ వాన. హోటల్ గదిలో కూర్చుని వీడియో చూశారు. వీడియోలో సైటు అద్దంలా ఉంది. మనిషి లేడు, ఇసుక కుప్ప లేదు, సుత్తి చప్పుడు లేదు. అది పని మొదలుపెట్టక ముందు తీసిన దృశ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తిరిగి రాగానే సర్క్యులర్ జారీ అయింది: "సైటునందు ఎట్టి పనియు జరుగరాదు. శూన్య సైటు పనియే మన లక్ష్యము." గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా పెట్టించారు. ఆ బోర్డును బయట తయారుచేయించి, ప్రహరీ మీంచి లోపలికి వాల్చారు.

రన్‌వే, టెర్మినల్ పునాదులు మాత్రం ఈ సర్క్యులర్ రాకముందే వేసేశారు. అందుకే అవి ఉన్నాయి.

మునగపాలెం ఫ్యాక్టరీలో మాడ్యూళ్ళు తయారుచేయించే ఇంజనీరు మా ఆయన. 'మా ఆయన' అన్న మాట నాకు పోయిన జ్యేష్ఠమాసంలోనే దొరికింది. కొత్త గొడుగు కొన్నవాళ్ళు వాన లేకపోయినా వేసుకు తిరిగినట్టు, అవసరం లేనిచోట కూడా వాడుతుంటాను. పేరు ఉదయభాస్కర్. కాఫీ తాగే ముందు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఒక క్షణం ఊరికే చూస్తారు. ఈ విషయం పెళ్ళైన మర్నాడు కనిపెట్టాను. ఇంకా ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అని తలుచుకునేలోపే ఆషాఢం వచ్చింది.

ఆషాఢంలో కొత్త కోడలు, అత్తగారు ఒకే గడప దాటకూడదు. కొత్త దంపతులు వేరువేరుగా ఉండాలి. మాకు సెలవులు కూడా అప్పుడే అయిపోయాయి కాబట్టి ఆచారాన్ని పాటించడానికి వేరే శ్రమ పడలేదు. ఆయన మునగపాలెం, నేను రాళ్ళపూడి. ఒక్క నెలే కదా అనుకున్నాం. మెట్టెల మీద సేఫ్టీ బూట్లు వేసుకుని, గోరింటాకు పండిన చేతులతో హెల్మెట్ సర్దుకుని ఫోటో తీసి పంపాను. "హెల్మెట్ బెల్టు బిగించుకోలేదు" అని జవాబిచ్చారు. ఆ జవాబును చాలాసార్లు చదువుకున్నాను.

సైటు ఆఫీసులో నేను కాక ఇంకొక మనిషి సాంబ్రాజ్యం అక్క. టీ కాచేది, ఊడ్చేది, నాకు కబుర్లు చెప్పేది. ఒకరోజు డైరెక్టరుగారు తనిఖీకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటా చప్పుడు?"

"టీ అండి అయ్యా" అంది అక్క.

"తయారవుతోందా?"

"పొంగు రావాలండి."

"ఎక్కడ?"

"ఇక్కడేనండి. ఈ పొయ్యి మీదే."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉంది. "చూశావా వైజయంతీ? పాలు విడిగా, నీళ్ళు విడిగా, పొడి విడిగా తెచ్చి, సైటులో కలిపి, సైటులో మరిగించి... ఇది ఆన్‌సైట్ ఉత్పత్తి కాక మరేమిటమ్మా? కాన్సెప్ట్ అన్నది మన రక్తంలోకి వెళ్ళాలి."

మర్నాటి నుంచి టీ ఫ్యాక్టరీలో కాచి, ఫ్లాస్కులో పోసి, బస్సులో రాళ్ళపూడికి పంపేవారు. వచ్చేసరికి అది టీ అన్న నమ్మకం తప్ప వేడి ఉండేది కాదు. కానీ ఫ్లాస్కు మూత చుట్టూ మూరెడు సన్నజాజులు చుట్టి ఉండేవి. ఫ్యాక్టరీలో పంపకాల బాధ్యత మా ఆయనది.

"నీ మొగుడు పంపేది టీయా పూలా పాపా?" అంది సాంబ్రాజ్యం అక్క మొదటిరోజు. "పూలైతే ఆ చల్లనీళ్ళు ఎందుకు మోయటం? ఉత్త పూలే పంపమను."

ఊడ్చడం కూడా ఆగిపోయింది, అదీ పనే కాబట్టి. అక్క చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను గడ్డి పెరగడం చూసేదాన్ని. అప్పుడే కాకి వచ్చింది.

సైటులో ఒక ఫ్లడ్‌లైట్ స్తంభం ఉంది. దాని మీద ఒక కాకి గూడు మొదలుపెట్టింది. పుల్లలతో పాటు ఎక్కడెక్కడివో తీగముక్కలు ముక్కున కరుచుకుని వచ్చి, ఒక్కొక్కటీ అటు తిప్పి, ఇటు తిప్పి, నచ్చకపోతే కిందకు విసిరేసేది. నాకు చెప్పలేనంత సరదాగా ఉండేది. తర్వాతి తనిఖీలో డైరెక్టరుగారి కళ్ళు కూడా అటే వెళ్ళాయి.

"అదేమిటి?"

"కాకి గూడు సార్."

"బయట కట్టుకుని తెచ్చి పెట్టిందా? ఇక్కడే కడుతోందా?"

"ఇక్కడే సార్. పుల్ల పుల్ల తెచ్చి."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "సంప్రదాయ పద్ధతి" అన్నారు చివరికి, ఎవరికో జబ్బు అని చెబుతున్నట్టు. "తీయించెయ్యండి."

"తీయడం కూడా సైటు పనే అవుతుందేమో సార్" అన్నాను. నిజంగా సందేహంతోనే అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "వెరీ గుడ్. కాన్సెప్ట్ నీకు ఎక్కుతోంది." వెంటనే ఫైలు తెరిపించారు. ప్రహరీకి అవతల నిలబడి రాయి విసిరితే అది ఆఫ్‌సైట్ పని అవుతుందా, లేక రాయి సైటులో పడుతుంది కనుక సామగ్రి తరలింపు అవుతుందా అన్న విషయం మీద న్యాయసలహా కోరారు. అంతవరకు కాకి 'పరిశీలనలో ఉన్నది'. కాకి తన పని తాను చేసుకుపోయింది.

ఆషాఢం అయిపోయింది. శ్రావణం వచ్చింది. ఊరందరి కొత్త పెళ్ళికొడుకులూ అత్తారింటికి వచ్చారు. నేను డైరెక్టరుగారి గదికి వెళ్ళాను.

"సార్, శ్రావణమాసం వచ్చింది."

"సంతోషం అమ్మా."

"భార్యాభర్తలను ఒకేచోట వేసే నిబంధన ఉంది కద సార్. ఆ కింద నాకు గానీ, మా ఆయనకు గానీ బదిలీ..."

"మీరిద్దరూ ఒకేచోట ఉన్నారు కదా?"

"లేము సార్. ఆయన మునగపాలెంలో. మధ్యలో రెండు ఏర్లు, ఒక టోల్‌గేటు ఉన్నాయి."

"అది భౌగోళికంగా" అన్నారు ఆయన ఓపిగ్గా. "కాన్సెప్ట్ పరంగా చూడు. ఫ్యాక్టరీ అంటే ఏమిటి? విస్తరించిన సైటు. సైటు అంటే? పని లేని ఫ్యాక్టరీ. రెండూ ఒక్కటే అని సర్క్యులర్లో స్పష్టంగా ఉంది. కనుక మీరు ఒకేచోట ఉన్నట్టు భావించబడతారు."

"భావించి కాపురం ఎలా చేస్తాం సార్?"

ఆయన నవ్వారు. నిజానికి మంచి మనిషే. "ఈ ఏడు ఆషాఢం కాస్త పొడుగ్గా వచ్చిందనుకో తల్లీ. టెర్మినల్ నిలబడగానే ఫ్యాక్టరీ మూసేస్తాం. మీ ఆయన రాళ్ళపూడి వచ్చేస్తాడు. క్వార్టర్స్ ఇప్పిస్తాను, తూర్పు వాకిలి. నీ కాపురం మన టెర్మినల్‌తో ముడిపడి ఉంది."

ఆ రోజు నుంచి ఆ టెర్మినల్ పూర్తికావాలని నాకంటే గట్టిగా కోరుకున్న మనిషి రాష్ట్రంలో లేరు. తూర్పు వాకిలికి కట్టడానికి చిలకలున్న తోరణం ఒకటి సంతలో కొని దాచుకున్నాను.

మొదటి మాడ్యూల్ డిపార్చర్ లాంజ్. అంటే ప్రయాణికులు విమానం ఎక్కే ముందు కూర్చునే హాలు. మస్తాన్‌వలి అనే డ్రైవరు దాన్ని ట్రైలర్ మీద తెచ్చి గేటు దగ్గర ఆపాడు. నీలం కుర్చీలతో, ఏసీతో, నిలువెత్తు అద్దాలతో ధగధగలాడుతోంది. అద్దం మీద మూలగా, వేలితో దుమ్ములో 'వై' అని రాసి ఉంది. ఎవరు రాశారో నాకు తెలుసు.

"ఎక్కడ దించమంటారు మేడం?" అన్నాడు మస్తాన్.

క్రేనుతో దించడం పని. డైరెక్టరుగారికి ఫోను చేశాను.

"దించాలా?" అన్నారు ఆయన, ఆశ్చర్యంగా.

"అవును సార్. దించి, మిగతా మాడ్యూళ్ళు వచ్చాక బోల్టులు బిగించాలి."

"సైటులోనా?"

"టెర్మినల్ ఉండేది సైటులోనే కద సార్."

ఫోను పెట్టేశారు. మర్నాడు మీటింగు.

మీటింగుకు ఫ్యాక్టరీ తరఫున మా ఆయన వచ్చారు. బల్లకు అటువైపు ఆయన, ఇటువైపు నేను. చొక్కా కాలరు ఒకవైపు ఇస్త్రీ సరిగ్గా పడలేదు. అది చూసి నాకు కలిగిన ఆనందం మీటింగు సారాంశంలోకి ఎక్కలేదు.

"బోల్టు బిగింపు అన్నది పనే" అన్నారు డైరెక్టరుగారు. "దాన్ని కూడా ఫ్యాక్టరీలోనే పూర్తిచేయండి. మొత్తం టెర్మినల్ బిగించి పంపండి."

"సార్, మొత్తం బిగిస్తే రోడ్డు మీద పట్టదు" అన్నారు మా ఆయన.

"రోడ్డు వెడల్పు ఎంత?"

"టెర్మినల్ అంత లేదు సార్."

"అయితే లోపం రోడ్డులో ఉంది" అని డైరెక్టరుగారు రాయించారు. "రోడ్డు లోపానికి మన కాన్సెప్ట్‌ను శిక్షించలేం. బిగించండి."

బిగించారు. దసరా వెళ్ళేసరికి మునగపాలెం ఫ్యాక్టరీ ఆవరణలో టెర్మినల్ లేచి నిలబడింది. అందంగా ఉందని చూసినవాళ్ళందరూ అన్నారు. ఫ్యాక్టరీ పక్కనున్న మొక్కజొన్న చేల మధ్య అది మెరుస్తుంటే, విమానం ఏది అని పిల్లలు అడిగేవాళ్ళు. డిపార్చర్ లాంజ్ ఒక్కటే రాళ్ళపూడి గేటు ముందు ట్రైలర్ మీద, మస్తాన్ లుంగీలు ఆరేసుకోవడానికి ఉపయోగపడుతోంది.

ప్రారంభోత్సవానికి తేదీ ఖాయమైంది. టెర్మినల్ ఒకచోట, రన్‌వే ఇంకొకచోట. మళ్ళీ మీటింగు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. డైరెక్టరుగారు మాత్రం ప్రశాంతంగా జీడిపప్పు తింటున్నారు.

"ఫ్యాక్టరీ, సైటు ఒక్కటే అయినప్పుడు టెర్మినల్ సైటులోనే ఉంది కదా" అన్నారు. "ఇక రవాణా ఒక్కటే సమస్య. ప్రయాణికులు మునగపాలెం వస్తారు. సామాను ఇస్తారు. తనిఖీ చేయించుకుంటారు. డిపార్చర్ లాంజ్‌లో కూర్చుంటారు. ఆ లాంజ్ ఎక్కడుంది?"

"ట్రైలర్ మీద సార్."

"అదీ! ప్రపంచమంతటా జనం లాంజ్‌లో కూర్చుని విమానం కోసం ఎదురుచూస్తారు. మన దగ్గర లాంజే విమానం దగ్గరకు వెళుతుంది."

చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. టెర్మినల్ మునగపాలెంలోనే ఉంటే ఫ్యాక్టరీ మూతపడదు. ఫ్యాక్టరీ మూతపడకపోతే మా ఆయన రారు. చిలకల తోరణం గుర్తొచ్చింది. ఆయన కూడా బల్ల అవతల పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నారు.

అప్పుడు లెక్కల విభాగం పెద్దమనిషి ఒక సందేహం లేవదీశారు. "సార్, లాంజ్ ఫ్యాక్టరీ గేటు దాటాక వాళ్ళది కాదు. రన్‌వే చేరేదాకా సైటుది కాదు. దారిలో ఎవరిది?"

డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని, తెరిచారు. "సంయుక్త బాధ్యత. దారి పొడవునా ఫ్యాక్టరీ ప్రతినిధి ఒకరు, సైటు ప్రతినిధి ఒకరు లాంజ్‌లో ఉండవలెను. అయితే ఇద్దరి మధ్య సమన్వయం బాగుండాలి. లేకపోతే టోల్‌గేటు దాటేలోపు ఒకరి మీద ఒకరు ఫైళ్ళు రాసుకుంటారు."

"సమన్వయానికి మేము సిద్ధం సార్" అన్నారు మా ఆయన. కొంచెం తొందరగా అన్నారు.

అలా నా ఆషాఢం కార్తీకమాసంలో ముగిసింది.

లాంజ్ వెనక సిబ్బంది గది ఉంది. అందులో ఒక మంచం, ఒక అలమర, చేతులు కడుక్కునే తొట్టి, తూర్పు వైపు కిటికీ. తూర్పు అంటే మునగపాలెం వెళ్ళేటప్పుడు. వచ్చేటప్పుడు అది పడమర. తోరణం కట్టాను. లాంజ్ ఒక గతుకు దాటితే చిలకలన్నీ ఒకసారి తలలూపుతాయి.

ట్రైలర్ సైకిలు కంటే కొంచెం నెమ్మదిగా పోతుంది. నాకు అదే వేగం నచ్చింది. రోడ్డు పక్క దోసకాయలమ్మే ముసలామె కిటికీలోంచి కారం చల్లిన ముక్కలు అందించి, పక్కనే నడుస్తూ చిల్లర ఇచ్చేంత తీరిక ఉంటుంది. మా ఆయన ప్రయాణికులకు నీళ్ళిస్తారు, నేను ప్రకటనలు చేస్తాను: "దయచేసి గమనించండి, మనం ఇప్పుడు బర్రెల కారణంగా ఆగి ఉన్నాము." మస్తాన్ నన్ను చెల్లెమ్మా అనడం, ఆ వరసన ఆయన్ను బావగారూ అనడం మొదలుపెట్టాడు.

టోల్‌గేటు దగ్గర మొదటిరోజే గొడవైంది.

"ఇది బండా, ఇల్లా?" అన్నాడు అక్కడి కుర్రాడు.

"లోపల మరుగుదొడ్డుంది, తోరణముంది, మొగుడూ పెళ్ళాలున్నారు" అన్నాడు మస్తాన్. "ఇల్లు కాక ఇంకేంది?"

"ఇల్లయితే టోల్ లేదు. పో."

ఈ సంగతి తెలిసి దారిలో ఉన్న ప్రతి పంచాయతీ మా లాంజ్‌కు ఒక డోర్ నంబరు వేసింది. గ్యాసు కనెక్షనుకు అడ్రసు అడిగితే ఏది రాయాలో తెలియక, ఎక్కువసేపు ఆగేది రైల్వే గేటు దగ్గర కాబట్టి ఆ ఊరిది రాశాం.

పుణె ఉద్యోగానికి వెళుతున్న ఒక అబ్బాయిని సాగనంపడానికి చుట్టాలందరూ ట్రాక్టరులో వచ్చారు. మునగపాలెంలో కన్నీళ్ళు పెట్టుకుని వీడ్కోలు చెప్పారు. లాంజ్ కదిలింది. ట్రాక్టరూ పక్కనే కదిలింది. అద్దం అవతల నుంచి వాళ్ళమ్మ, "పెరుగు మానకురా నాయనా" అంది. "సరేనమ్మా" అన్నాడు. కాసేపయ్యాక మళ్ళీ, "పెరుగు మానకు" అంది. మొదటి ఏరు దాటేసరికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ అయిపోయాయి. రెండో ఏరు దగ్గర మాటలకు కరువొచ్చి మేనమామ పాత పొలం గట్టు తగువు ఎత్తాడు. "ఏంది బావా, పిల్లోడు పోయేటప్పుడా ఆ మాట?" అన్నారు. "పోతన్నాడా? ఎక్కడ పోతన్నాడు? పొద్దుట్నుంచీ నా పక్కనే ఉన్నాడుగా!" అన్నాడు ఆయన. రాళ్ళపూడి చేరేసరికి ట్రాక్టరులో సగంమందికి సగంమందితో మాటల్లేవు. అబ్బాయి విమానం ఎక్కుతుంటే చెయ్యి ఊపడానికి ఎవరికీ ఓపిక లేదు.

ఇలా కొందరికి ఇబ్బంది ఉండేది, కాదనను. మోకాళ్ళ నొప్పులున్న శేషారత్నం గారనే పెద్దావిడ వైద్యానికని నెలనెలా హైదరాబాదు వెళ్ళేవారు. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "ఎప్పుడమ్మా ఇక్కడ కట్టడం?" అని అడిగేవారు. "త్వరలోనే పిన్నిగారూ" అనేదాన్ని. మా ఆయన ఆవిడకు కుర్చీ వెనక ఆనుకోవడానికి మా దిండు ఇచ్చేవారు.

మాఘమాసంలో మా శాఖకు కొత్త కార్యదర్శి ఇందుమతిగారు వచ్చారు. ఎవరికీ చెప్పకుండా మామూలు ప్రయాణికురాలిగా మునగపాలెంలో లాంజ్ ఎక్కారు. శేషారత్నం గారి పక్క కుర్చీ. బర్రెలు, రైల్వే గేటు, ఒక ఊరేగింపు, మళ్ళీ బర్రెలు. రాళ్ళపూడి చేరేసరికి విమానం వెళ్ళిపోయింది. ఆవిడ అక్కడే, లాంజ్‌లోనే, డైరెక్టరుగారిని పిలిపించారు. సాంబ్రాజ్యం అక్క ఫ్యాక్టరీ టీ పోసి ఇచ్చింది. కార్యదర్శిగారు ఒక గుక్క తాగి, గ్లాసును దూరంగా పెట్టారు.

"మేడమ్, మన కాన్సెప్ట్ ఏమిటంటే..." అని మొదలుపెట్టారు డైరెక్టరుగారు.

"కాన్సెప్ట్ నాకు నడుం దగ్గర బాగా అర్థమైంది" అన్నారు ఆవిడ. "సూటిగా అడుగుతాను. అక్కడ బోల్టులు విప్పి, గది గదిగా ఇక్కడికి తెచ్చి బిగిస్తే పోదా? పునాదులు ఉన్నాయి, క్రేను అద్దెకు దొరుకుతుంది. సైటు ఇంజనీరు ఎవరు?"

"నేనండి."

"నువ్వు చెప్పమ్మా. సాధ్యమేనా? నువ్వు ఊ అంటే ఇప్పుడే ఆర్డరు రాస్తాను."

శేషారత్నం గారు మోకాలు రుద్దుకోవడం ఆపి నా వైపు చూశారు. సాధ్యమే. కొద్ది రోజుల పని. చదువుకున్నదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది.

"ఫ్యాక్టరీ మూసేద్దాం" అన్నారు కార్యదర్శిగారు, పెన్ను తీస్తూ. "అక్కడివాళ్ళను ఉత్తరాన కొండల్లో కట్టబోయే కొత్త విమానాశ్రయానికి పంపుదాం. వాళ్ళ అవసరం అక్కడ చాలా ఉంది. సైటువాళ్ళు ఇక్కడే ఉంటారు."

మా ఆయన నీళ్ళ సీసాలు సర్దుతున్నవారు ఆగిపోయారు. గ్లాసు కాకపోయినా, ఒక సీసాను రెండు చేతులతో పట్టుకుని దాని వంక చూస్తున్నారు. గాలి లేకపోయినా వెనక గదిలో తోరణం చిలకలు కదిలినట్టు నాకు అనిపించింది.

"సూత్రప్రాయంగా సాధ్యమే మేడమ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అచ్చం డైరెక్టరుగారిలా. "కానీ సైటులో నిర్మాణానికి సంబంధించి ఒక అంశం పరిశీలనలో ఉంది."

"ఏ అంశం?"

"కాకి అండి."

నిలువెత్తు అద్దంలోంచి స్తంభం చూపించాను. సైటులో కట్టరాదన్న నిబంధనను ఒక కాకి ఉల్లంఘించిందని, దాని మీద న్యాయసలహా కోరి ఉన్నామని, అది తేలకుండా మనమే సైటులో కట్టడం మొదలుపెడితే కాకికి ఒక న్యాయం, మనకు ఒక న్యాయం అన్న ఆక్షేపణ వస్తుందని వివరించాను. డైరెక్టరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫైలు తెప్పించారు.

కార్యదర్శిగారు నవ్వుతూనే ఫైలు తెరిచారు. ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. నవ్వు తగ్గింది. అన్ని పేజీలకూ నంబర్లున్నాయి. అన్ని చోట్లా సంతకాలున్నాయి. న్యాయ విభాగం పర్యావరణ విభాగాన్ని అభిప్రాయం కోరింది. పర్యావరణ విభాగం, కాకి ఏ శాఖ కిందకు వస్తుందో తెలపవలసిందిగా తిరిగి కోరింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మంచి అధికారి కాబట్టి ఆవిడ పెన్ను మూత పెట్టేశారు.

"ఫైలు సక్రమంగా పెండింగులో ఉంది" అన్నారు, దాదాపు గౌరవంగా. "దీని మీద నేను కూడా ఏం చేయలేను. ఇది తేలాక చూద్దాం." గుమ్మం దగ్గర ఆగి ఒకసారి స్తంభం వైపు, ఒకసారి నా వైపు, ఒకసారి వెనక గది తోరణం వైపు చూశారు. శేషారత్నం గారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. దిగుతూ పెద్దావిడ, నా భుజం కోసం అలవాటుగా చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నారు.

అందరూ వెళ్ళాక సాంబ్రాజ్యం అక్క ఫ్లాస్కు కడుక్కుంటూ నా పక్కకు వచ్చింది. "అదేంది పాపా, ఆ కాకి పిల్లల్ని లేపుకుని ఎప్పుడో పోయిందిగా. గూడు ఉత్తదే."

"మెల్లగా అక్కా" అన్నాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "అబ్బో! నీకు బాగా ఎక్కిందమ్మా ఆ కాన్సెప్టు" అని, గ్లాసు బోర్లించి పోయింది.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున్నే మునగపాలెం వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ఎండ తిన్నగా దిండు మీద పడింది. శేషారత్నం గారికి ఇచ్చే దిండు. ఆవిడకు ఇంకో దిండు కుట్టాలి, మెత్తగా, బూరుగు దూదితో అనుకున్నాను. అంతకుమించి ఏం చేయగలనో తోచలేదు. మా ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒక క్షణం చూసి, తాగారు. తోచాల్సిన అవసరం ఉందని కూడా ఆ తర్వాత అనిపించలేదు.

ఇప్పుడు వైశాఖం. మొన్న పెద్దగాలికి స్తంభం మీది గూడు సగం ఊడిపోయింది. చూస్తే ఎవరైనా అందులో ఎవరూ లేరని చెప్పేస్తారు. అందుకని మా ఆయన ఫ్యాక్టరీలో మిగిలిన తీగముక్కలు, కాకి ముక్కుకు పట్టే కొలతకు కత్తిరించి, జేబులో వేసుకుని తెస్తున్నారు. లాంజ్ రాళ్ళపూడిలో ఆగగానే నేను దిగి, వాటిని స్తంభం కింద పేర్చి వస్తున్నాను. సైటులో నేను చేస్తున్న మొదటి పని ఇదే.

నిన్న ఒక కాకి వచ్చి, ఒక ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. నచ్చినట్టే ఉంది. ఆషాఢం ఎంతో దూరం లేదు. వాటికి అది గూళ్ళు కట్టుకునే కాలం.